పాతిక మందికి ఆకలి

ఆదివారాలు నా దగ్గరికి లైసెన్సు పరీక్ష పాఠాలకి వచ్చే మీరంతా మొదట అడిగేది ఒకటే: "ఏ సెట్టు కొనమంటారు సార్?" రెండోది, యాంటెన్నా ఎంత ఎత్తున కట్టాలని. మూడోది, కాస్త చనువు పెరిగాక, తుఫానప్పుడు నేను ఏం చేశానని. మొదటి రెండింటికీ గంటల కొద్దీ జవాబు చెప్పాను. మూడోదానికి మాత్రం "ఏదో, చేయగలిగింది చేశాం" అని తల వంచుకుని నవ్వుతూ వచ్చాను. ఆ నవ్వు చూసి, నేను చాలా పెద్ద పని చేసి కూడా చెప్పుకోని మనిషినని మీరు అనుకున్నారు. నేనూ అనుకోనిచ్చాను. అదీ తప్పే కాబట్టి, ఇవాళ కూర్చుని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నేను ఒక ప్రభుత్వ శాఖలో వైర్‌లెస్ ఆపరేటర్ని. ముప్పై మూడేళ్ళ సర్వీసులో ఆఖరి పదకొండేళ్ళూ నర్సీపట్నంలోనే గడిచాయి. డ్యూటీలో ఎనిమిది గంటలు మాట్లాడింది చాలక, ఇంటికొచ్చి నా సొంత సెట్టు ముందు కూర్చుని ఇంకో రెండు గంటలు ఊరూ పేరూ తెలియని వాళ్ళతో మాట్లాడేవాణ్ణి. దాన్నే హామ్ రేడియో అంటారు. ఊరికే, ఇష్టం కొద్దీ చేసే రేడియో. "ఆఫీసులో సేసిన పనే మల్లీ ఇంట్లో ఏటండీ?" అని మా ఆవిడ అడిగేది. 

ఆఫీసులో నా చెవికి పెద్ద పేరుండేది. గాలి హోరులో, పక్క స్టేషన్ల గోలలో, ఇంకెవరికీ అందని మాట నాకు అందేది. ఎవరికైనా మాట తెగిపోతే "ఆయన్ని పిలవండి" అనేవారు. నేను తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టి, తొందరేమీ లేనట్టు నడిచి వెళ్ళి, విని, చెప్పి, మళ్ళీ టీ దగ్గరికి వచ్చేవాణ్ణి. ఆ నడక కోసమే బతికేవాణ్ణని ఇప్పుడు అర్థమవుతోంది.

ఆ పేరు నిజంగా సంపాదించుకున్నదే. కాకపోతే సంపాదించుకున్నది నలభయ్యో ఏట. యాభై దగ్గర పడేసరికి ఎడమ చెవి మూతపడటం మొదలెట్టింది. మొదట చేతి గడియారం చప్పుడు పోయింది. తర్వాత వంటింట్లో కుక్కరు కూత పోయింది. ఆ తర్వాత ఎడమ పక్క నిలబడే మనుషులు ఒక్కొక్కరే పోయారు. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఆపరేటరుకి చెవి పోయిందని తెలిస్తే సెట్టు ముందు నుంచి లేపి స్టోర్సులో కూర్చోబెడతారు. అందుకని నా తెలివంతా దాచడంలో పెట్టాను. ఫోను కుడి చెవికే. బస్సులో ఎడమ కిటికీ పక్క సీటు. పెళ్ళి భోజనాల్లో వరసకి ఎడమ కొస. ఏటేటా వైద్య పరీక్షకి వెళితే ఆ డాక్టరుగారు "మీ చెవికి కూడా పరీక్షా!" అని నవ్వి సంతకం పెట్టేసేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

ఇక తుఫాను సంగతి.

అది వస్తుందని రెండు రోజుల ముందే తెలుసు. సెల్ టవర్లు పడిపోతే కబురు అందించడానికి హామ్ వాళ్ళు కావాలని అధికారులు అడిగారు. చుట్టుపక్కల లైసెన్సు ఉన్నవాళ్ళం మొత్తం ఎనిమిది మందిమి. ఇద్దరిద్దరం ఒక జట్టు. ఒక జట్టు రోలుగుంట, ఒకటి నక్కపల్లి, ఒకటి కృష్ణదేవిపేట ముందురోజే వెళ్ళి కూర్చున్నాయి. నర్సీపట్నంలో ఒక శిక్షణ కేంద్రం హాల్లో కంట్రోల్ రూము పెట్టారు. అక్కడ నేనూ, ఒక హెడ్ నర్సూ.

ఆవిడని అందరూ సిస్టరుగారు అనేవారు, నేనూ అంతే. వార్డుల్లో ఇరవయ్యారేళ్ళ సర్వీసు. మిషన్ చర్చి కుటుంబం. చిన్నప్పటి నుంచి చర్చిలో పాటల బృందంలో పాడిన మనిషి. ఆదివారం ఆరాధన అయ్యాక అదే తెల్లచీరతో మా క్లబ్బు సమావేశానికి వచ్చేది. లైసెన్సు వచ్చి అప్పటికి ఏడాది. అంటే నా లెక్కలో ఆవిడ ఇంకా అఆలు దిద్దుకుంటున్నట్టు.

హాల్లోకి రాగానే ఆవిడ సెట్టు వైపు చూడలేదు. బల్ల వైపు చూసింది.

"రెండో హెడ్‌ఫోను ఏదండీ?"

"ఒకటి చాలు సిస్టరుగారూ. నేను విని చెప్తాను, మీరు రాసుకోండి."

"మరి నాకు వినపడకపోతే నేనేటి రాస్తానండీ?"

"నేను చెప్పింది."

 నిజానికి ఆ ప్రశ్నకి జవాబు మా ఇంట్లో అలమార మీద ఉంది. బిస్కెట్ల రేకు డబ్బాలో నేనే చేసిన చిన్న సాధనం. సెట్టులోంచి వచ్చే ధ్వనిని రెండు హెడ్‌ఫోన్లకి పంచుతుంది, ఎవరి శబ్దం వాళ్ళు పెంచుకోవడానికి రెండు గుండీలు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు అదే మాట తమ చెవితో విని రాసుకోవాలి. ఒకరికి జారిపోయింది ఇంకొకరికి దొరుకుతుంది. మీకు మొదటి ఆదివారమే నేను చెప్పే పాఠం ఇది. ఆవిడకీ నేనే చెప్పాను.

"ఆ డబ్బా ఉంది కదండీ?" అని గుర్తు చేసింది కూడా.

"అది పెడితే సౌండు పడిపోతుంది" అన్నాను. పడిపోతుంది, నిజమే, కాస్త. మామూలు చెవికి ఆ తేడా తెలియదు. నా చెవికి ఆ కాస్తే కావాలి.

కూర్చోవడం కూడా నా ఇష్టప్రకారమే జరిగింది. యాంటెన్నా తీగ కిటికీలోంచి వస్తుంది కాబట్టి సెట్టు కుడి మూలకి జరిపాను. ఆవిడ కుర్చీ నా ఎడమ పక్కకి వచ్చింది. కిటికీ అవతల జనరేటరు. నా తల మీద హెడ్‌ఫోను, శబ్దం చివరంటా పెంచి. ఇంకో మాటలో చెప్పాలంటే, నాతో కలిసి పనిచేయాల్సిన ఒకే ఒక్క మనిషిని తీసుకెళ్ళి, నాకు ఏమాత్రం వినపడని చోట కూర్చోబెట్టుకున్నాను.

లాగ్ పుస్తకం దగ్గర రెండో పేచీ వచ్చింది. మేం ఏ కబురు ఎప్పుడు ఎవరి నుంచి వచ్చిందో వరసగా రాస్తాం. హామ్ అలవాటు ప్రకారం అందులో ప్రపంచ సమయం వేస్తాం, మన గడియారం కన్నా అయిదున్నర గంటలు వెనక. ఆవిడ మొదటి గీత గీసి గోడ గడియారం చూసి తొమ్మిదీ పది అని రాసింది. నేను కొట్టేసి మూడూ నలభై అని దిద్దాను.

"ఇదే దేశం టైమండీ?"

"అన్ని దేశాలదీ."

"ఈ హాల్లో అందరూ ఆ గోడ మీది గడియారమే చూస్తన్నారు. రేపు ఎవరైనా ఈ పుస్తకం చదివితే తెల్లారగట్ట మూడింటికి మనం ఇక్కడేటి చేస్తన్నామని అడుగుతారు."

అన్నీ తెలిసిన వాడిలా నవ్వాను. ఆవిడ రెండు సమయాలూ పక్కపక్కన రాయడం మొదలెట్టింది. రాస్తూనే ఇంకో మాట అంది. "మా వార్డులో డాక్టరుగారు ఫోనులో మందు చెప్తే, రాసుకుని, రాసింది తిరిగి చదివి వినిపిస్తామండీ. ఆయన ఔనంటేనే ఇంజెక్షను తీస్తాం. ఇక్కడా అలా చెయ్యాలి కదా?"

"చెయ్యాలి, కొత్తవాళ్ళు" అన్నాను.

తుఫాను దాటిన మొదటి రోజు నేను అనుకున్నట్టే గడిచింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, దారుల నిండా చెట్లు. బ్యాటరీలు ఆదా చేయడానికి ముప్పావు గంటకోసారి ఒక్కో ఊరినీ వరసగా పిలిచేవాణ్ణి, మధ్యలో వాళ్ళు సెట్లు కట్టేసేవారు. వచ్చినవన్నీ అన్నం కబుర్లే. ఇన్ని కుటుంబాలు బడిలో ఉన్నాయి, ఇన్ని పొట్లాలు పంపండి. నేను గట్టిగా పలకడం, సిస్టరుగారు రాయడం, అధికారి ఆ చీటీ పట్టుకుని పక్క గదికి వెళ్ళడం. ఆ గదిలో కొందరు ఆడవాళ్ళు గంగాళాల్లో పులిహోర కలిపి పొట్లాలు కడుతున్నారు. అధికారి ఒకసారి వచ్చి నా భుజం తట్టి "మీరు లేకపోతే మాకు కళ్ళు లేనట్టే" అన్నారు. ఆయన తట్టింది ఎడమ భుజం కాబట్టి ఆ మాట సిస్టరుగారు తర్వాత చెబితే తెలిసింది.

రెండో రోజు పొద్దున్న పదీ నలభైకి కృష్ణదేవిపేట పలికింది. అక్కడ మైకు ముందు కూర్చున్నది ఒక జూనియర్ కాలేజీ లెక్చరరు, మంచి కంఠం. కానీ ఆ పూట వాళ్ళ బ్యాటరీ నీరసించింది, గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది. జనరేటరు మోత ఒక పక్క. నేను కళ్ళు మూసుకుని విన్నాను. కళ్ళు మూసుకుంటే బాగా వింటున్నట్టు కనిపిస్తుంది.

"...మంది... ఆకలి... బేగి పంపండి. ఓవర్."

ముందు మాట ఏమిటి? పా అని మొదలైంది. పాతిక. నాకు క్షణం కూడా పట్టలేదు. ముందురోజంతా వచ్చినవి అవే కదా. "అర్థమైంది, పంపిస్తున్నాం, ఓవర్" అన్నాను. అవతల ఆయన ప్రాణం లేచొచ్చినట్టు "థాంక్యూ సార్, థాంక్యూ" అని సెట్టు కట్టేశాడు. నేను గది అంతటికీ వినపడేలా పలికాను: "కృష్ణదేవిపేట. పాతిక మందికి ఆకలి. బేగి పంపాలి."

పొట్లాలు జీపులో వేశారు. ఆ దారిన వెళ్ళగలిగిన జీపు అదొక్కటే, చెట్లు కోసే రంపాలతో నలుగురు మనుషులు అందులో ఉన్నారు. పదకొండు కాకముందే అది గేటు దాటింది.

కాసేపటికి హెడ్‌ఫోను తీసి మెడలో వేసుకుని పుస్తకం వైపు చూశాను. ఆ కబురు పక్కన సిస్టరుగారు పెన్సిలుతో ఒక ప్రశ్న గుర్తు పెట్టి ఉంది. నా ఉద్యోగ జీవితంలో నా కబురు పక్కన ప్రశ్న గుర్తు చూడటం అదే మొదలు.

"ఇదేమిటి?" అన్నాను.

"మీకు అప్పుడే చెప్పాను కదండీ, రెండుసార్లు."

"ఏం చెప్పారు?"

"మంది కాదేమో, మందు అన్నారేమో అని. మీ హెడ్‌ఫోనులోంచి సౌండు బయటికి వస్తంది. నాకు మందు అన్నట్టే వినపడింది. తిరిగి అడగండని చెప్పాను. మీరు పలకలేదు."

నేను పలకకపోవడానికి కారణం చెప్పాలంటే మొత్తం చెప్పాలి. అందుకని కోపం తెచ్చుకున్నాను. కోపం చాలా వాటికి మూతగా పనికొస్తుంది. "సిస్టరుగారూ, ఈ చెవి వయసు ముప్పై ఏళ్ళు. ఆ గుర్తు చెరిపెయ్యండి" అన్నాను. ఆవిడ పెన్సిలు పక్కన పెట్టింది. చెరపలేదు.

మధ్యలో వాళ్ళని పిలిస్తే పలికేవారు కాదు, సెట్టు కట్టేసి ఉంటుంది. పదకొండూ ఇరవై అయిదుకి మళ్ళీ వాళ్ళ వంతు వచ్చింది. నేను హెడ్‌ఫోను సర్దుకుని పిలిచాను. అవతల గొంతు మొదలైంది. అప్పుడు సిస్టరుగారు లేచి, నా ముందు నుంచి చెయ్యి చాపి, హెడ్‌ఫోను తీగ సెట్టులోంచి ఊడబీకింది. స్పీకరు మోగింది. హాలంతా విన్నది.

"...పాము మందు బయల్దేరిందా సార్? పేషెంటుకి కాలు మోకాలి దాకా వాచిపోయింది. ఇక్కడున్న సీసాలు నిన్ననే అయిపోయాయి. పది కావాలన్నాం కదా. బయల్దేరిందా? ఓవర్."

పాము మందు కావాలి. పాతిక మందికి ఆకలి. మీరు కావాలంటే పైకి అని చూసుకోండి. నేను చాలాసార్లు అని చూసుకున్నాను.

 పక్క గదిలో పులిహోర కలుపుతున్న ఆవిడ గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చి నిలబడింది.  సిస్టరుగారు మైకు నా చేతిలోంచి తీసుకుంది.

"కృష్ణదేవిపేట, మందు ఇంకా బయల్దేరలేదు. ఇప్పుడు పంపిస్తాం. చదువుతున్నాను, వినండి. పాము కాటు మందు, పది సీసాలు. పేషెంటు ఆడమనిషా మగమనిషా, వయసెంత, కరిచి ఎంతసేపయింది? ఓవర్."

అవతల చెప్పారు. ఆడమనిషి, నలభై దాటింది, జీడిమామిడి తోటలో విరిగిపడ్డ కొమ్మలు ఎత్తుతుంటే పొద్దున్న తొమ్మిదిన్నరకి కరిచింది. ఆవిడ ప్రతి మాటా తిరిగి చదివింది. మొత్తం ఒక్క నిమిషం పట్టింది. ఆ నిమిషం ఆదా చేద్దామనే నేను ముప్పావు గంట పోగొట్టాను.

"నేనొచ్చేదాకా స్పీకరు మీదే ఉంచండి. హెడ్‌ఫోను పెట్టకండి" అని నాతో చెప్పి, ఆవిడ ఆసుపత్రికి పరుగెత్తింది. ఇరవై నిమిషాల్లో తిరిగి వచ్చింది. సీసాలకి దూది చుట్టి, స్టీలు క్యారేజీ గిన్నెల్లో సర్ది, మూత బిగించి తెచ్చింది. అటువైపు కరెంటు తీగలు చూడటానికి బైకు మీద బయల్దేరుతున్న ఒక లైన్‌మాన్ గేటు దగ్గర దొరికాడు.

"ఎంతసేపట్లో వెళ్తావు బాబూ?"

"మన జీపోళ్ళు దారికడ్డం పడ్డ సెట్లు కోసుకుంటా ఎల్లుంటే ముప్పావుగంట సిస్టరమ్మా. కొయ్యకపోతే బండి ఒగ్గీసి నడిసెల్తాను. ఇలాగియ్యండి" అని క్యారేజీ మెడకి తగిలించుకుని, వర్షపు కోటు మీంచి కండువాతో కట్టుకున్నాడు.

ఆవిడ లోపలికి వచ్చేసరికి నేను సెట్టు ముందు కుర్చీలోంచి లేచి పక్క కుర్చీలో కూర్చున్నాను. ఎవరూ లేవమనలేదు. పెన్సిలు తీసుకున్నాను. తర్వాత రెండు గంటలు ఆవిడ మాట్లాడింది, నేను రాశాను. ఇప్పుడు ఆవిడ నా కుడి పక్కన ఉంది కాబట్టి ప్రతి మాటా వినిపించింది.

జీపు పన్నెండుంబావుకి కృష్ణదేవిపేట చేరిందని కబురు వచ్చింది. బైకు పన్నెండూ ముప్పై అయిదుకి చేరింది. మందు ఎక్కించడం మొదలైంది. సాయంత్రం నాలుగింటికి "పేషెంటు మాట్లాడుతోంది" అన్నారు. అది రాసి, కింద గీత గీశాను.

ఆ రోజు నేను చేసిన రెండో పని చెప్పకుండా తప్పించుకోవచ్చు. ఇప్పటికే కావలసినంత పరువు పోయింది. కానీ లాగ్ పుస్తకం ఎందుకో మీకు అర్థం కావాలంటే అదీ చెప్పాలి.

నాలుగో రోజున ఫోన్లు వచ్చాయి. మేం సెట్లు సర్దుకుంటుంటే అధికారి వచ్చి, లాగ్ మొత్తం శుభ్రంగా తిరగరాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి ఇమ్మన్నారు. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని ఆ పని నేనే తీసుకున్నాను. వరసగా రాసుకుంటూ ఆ గీత దగ్గరికి వచ్చాను. పదీ నలభై. కృష్ణదేవిపేట. నా కలం ఎక్కడా ఆగలేదు. "పాము మందు కావాలి, బేగి పంపండి" అని రాసింది. ఎంత తేలిగ్గా రాసిందంటే, ఆ రోజు నేను అలాగే విన్నానని నాకే అనిపించింది. ప్రశ్న గుర్తుకి అందులో చోటు లేదు.

సిస్టరుగారు ఆ పేజీ చదివి కలం మూత పెట్టేసింది.

"నేను సంతకం పెట్టనండీ."

"చూడండి, ఆ మనిషి బతికింది. ఇంకా చెప్పాలంటే, పులిహోర జీపు ముందు వెళ్ళి చెట్లు కొయ్యబట్టే బైకు అంత బేగి వెళ్ళింది." ఈ వాదన రెండు రోజులుగా తయారు చేసుకున్నది. చాలా బాగుందనుకున్నాను.

"ఆ జీపులోనే మందు ఉంటే ఇంకా బేగి వెళ్ళేది కదండీ" అంది.



"పదీ నలభైకే మందు అడిగారని రాశారు. ఆసుపత్రి స్టోరు పుస్తకంలో మందు ఇచ్చింది పదకొండున్నర దాటాక. మధ్యలో ఆ టైమంతా ఎటు పోయిందని ఎవరైనా అడిగితే ఎవరి మీద పడుతుంది? స్టోరులో ఉన్న అమ్మాయి మీద. నేను అడిగిన అయిదు నిమిషాల్లో ఇచ్చిందండీ ఆ అమ్మాయి, చెప్పులు లేకుండా పరుగెత్తుకుంటా తెచ్చి."

ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. నిజం. నన్ను నేను కాపాడుకుంటున్నానని మాత్రమే అనుకున్నాను, ఇంకొకరిని తోస్తున్నానని అనుకోలేదు.

"ఇంకోటండీ" అంది ఆవిడ, కాస్త నెమ్మదిగా. "మీ ఎడమ చెవి సంగతి నాకు మొదటి రోజే తెలిసింది. మనిషి పిలిస్తే మీరు తల తిప్పే తీరు చూసి. ఇరవయ్యారేళ్ళు వార్డులో మనుషుల్ని చూశాను. తెలిసీ ఆ పక్కే కూర్చున్నాను. పెద్దవారు కదా, ఎలా అనడమని ఊరుకున్నాను. మందు అన్నారని అరిచి చెప్పాల్సింది. పెన్సిలుతో గుర్తు పెట్టి ఊరుకున్నాను. అది నా తప్పు. అదీ రాయండి."

ఆ పేజీ చింపి మళ్ళీ రాశాను. విన్నది, పలికింది, ప్రశ్న గుర్తు, తిరిగి అడగకపోవడం, పదకొండూ ఇరవై అయిదుకి తెలియడం. ఆవిడ తప్పు రాయనని మొండికేశాను. ఆవిడ కలం లాక్కుని తానే రాసింది. ఇద్దరం సంతకాలు పెట్టాం.

ఆ కాగితం మీద నాకు శిక్ష పడుతుందని పది రోజులు భయపడ్డాను. ఏమీ జరగలేదు. నెల తర్వాత ఒక సభ పెట్టి ఇద్దరికీ శాలువాలు కప్పారు. నా ప్రశంసాపత్రంలో "అప్రమత్తత" అనే మాట రెండుసార్లు ఉంది. నేను అధికారి దగ్గరికి వంగి "అయ్యా, ఆ లాగ్ తమరు చదివారా? అందులో నా పొరపాటు..." అన్నాను. ఆయన నవ్వి, "మీ వినయమే మిమ్మల్ని ఇంతవారిని చేసింది" అని మైకులోనే చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. మా క్లబ్బు గోడ మీద మీరు చూసిన ఫొటో అప్పటిదే. సిస్టరుగారు ఆ ఫొటోలో నా వైపు కాకుండా నేల వైపు ఎందుకు చూస్తోందో మీకిప్పుడు తెలిసింది. నవ్వు ఆపుకుంటోంది.

శాలువా ఇంట్లో పెట్టాక నాకు అన్నం సయించలేదు. వారం తర్వాత కృష్ణదేవిపేటకి షేర్ ఆటో ఎక్కి, అడుగుతూ అడుగుతూ ఆ మనిషి ఇంటికి వెళ్ళాను. వాకిట్లో మంచం మీద కాలు చాపుకుని కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. పాదానికి కట్టు. రెండు వేళ్ళు తీసేశారని తర్వాత చెప్పింది. రేడియో వాళ్ళలో ఒకణ్ణని చెప్పుకున్నాను. "రా బాబూ, కూకో" అని పీట చూపించి, నేను అడగకుండానే ఆ రోజు సంగతి ఎత్తుకుంది. చాలామందికి చెప్పి చెప్పి రాటుదేలిన కథలా ఉంది.

"డాట్రు బాబు 'వొచ్చేత్తంది, వొచ్చేత్తంది' అంటన్నాడు. నాను పైన రేకులు నెక్కెట్టుకుంటన్నాను. పదకొండు రేకులు. అయిపోతే మల్లీ మొదటినించి నెక్కెట్టాను. అంతలోకి జీపు వొచ్చినాదని కేకలు. ఊరోళ్ళందరూ పరిగెట్టినారు. మందొచ్చీసినాదీ అని మా మావ ఏడిసీసినాడు. తలుపు తీత్తే ఏటుంది? పులిహోర!" ఆమె చిక్కుడుకాయ పట్టుకుని నవ్వింది. "మా మావ రెండు పొట్లాలు సేత్తో అట్టుకుని అలగే నిలబడిపోయినాడు. ఏటి సెయ్యాలో తెలక."

నేను నవ్వలేకపోయాను. "అమ్మా, ఆ పులిహోర పంపింది నేనే. మందు అంటే మంది అని విన్నది నేను" అన్నాను.

ఆమె నవ్వు ఆగింది. 

"నువ్వేటి బాబూ ఆ సెవిటోడివి?" అంది. అనేసి నాలిక కరుచుకుంది. "ఏటనుకోకు. పేరు తెలీదు కదా. ఇంట్లో మేం అలగే తిట్టుకుంటన్నాం, ఆ సెవిటోడు, ఆ సెవిటోడు అని."

ఆఫీసులోనూ ఇంట్లోనూ ఏళ్ళ తరబడి దాచిన సంగతిని, నన్ను ఎన్నడూ చూడని ఒక కుటుంబం నెల రోజులుగా రోజూ పలుకుతోంది.

"సరిగ్గానే తిట్టారమ్మా. నాకు ఎడమ చెవి వినపడదు."

"నిజింగానేటి? మరి ఆసుపత్రికి ఎల్లనేదా?"

"లేదు."

ఆమె కట్టు కట్టిన కాలు కొంచెం ఎత్తి చూపించింది. "నాను దీన్నట్టుకుని ఎన్నిసార్లు ఎల్లేనో తెలుసా? నీకు రెండు కాళ్ళూ బాగున్నాయి కదా. ఎల్లడానికేటి?"

ఆ ముప్పావు గంట వల్లే వేళ్ళు పోయాయా అని అక్కడి డాక్టరుగారిని అడిగాను. ఔనని చెప్పలేను, కాదని కూడా చెప్పలేను అన్నారాయన. నేను కూడా ఇప్పటిదాకా ఆ రెండింటి మధ్యే ఉన్నాను.

చెవి సంగతి ఆఫీసులో చెప్పాక ఏం జరిగిందో చాలామందికి తెలుసు. సర్వీసు చివరి రెండేళ్ళూ స్టోర్సులో బ్యాటరీలు సర్దాను. క్లబ్బులో మైకు సిస్టరుగారిది, పెన్సిలు నాది, రేకు డబ్బా ఇద్దరి మధ్యా ఉంటుంది. నా రాత మీద ఆవిడకి పెద్ద నమ్మకం లేదు, ప్రతి గంటకీ ఒకసారి చూస్తుంది. కానీ అక్కడిదాకా వెళ్ళే ముందు నా చెవికి అసలు పరీక్ష జరగాలి కదా.

కృష్ణదేవిపేట నుంచి వచ్చాక ఆ సోమవారమే చెవుల ఆసుపత్రికి వెళ్ళాను. ఒక చిన్న గాజుగదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోను పెట్టి, చేతికి ఒక గుండీ ఇచ్చారు. చప్పుడు వినపడినప్పుడల్లా నొక్కాలి. అద్దం అవతల పరీక్ష చేసే అమ్మాయి చెయ్యి కదలడం నాకు కనిపిస్తోంది. ఎడమ చెవి వంతు వచ్చాక ఆ చెయ్యి కదిలినప్పుడల్లా నొక్కాను. సిగ్గు లేకుండా నొక్కాను. అయిదారుసార్లయ్యాక ఆ అమ్మాయి లేచి వచ్చి నా కుర్చీని గోడ వైపు తిప్పేసింది. ఆ తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. గోడకి ఒక మేకు ఉంది, దాన్ని చూస్తూ కూర్చున్నాను.

బయటికి వచ్చాక ఆ అమ్మాయి ఫారం నింపడానికి కలం తీసింది.

"ఎన్నాళ్ళ నుంచి వినపడటం లేదండీ?"

"తొమ్మిదేళ్ళు" అన్నాను.

రాసుకుంది. "ఏం పని చేస్తారు?"

"వినే పనమ్మా."

ఆ అమ్మాయి కలం ఆపి తలెత్తింది. "సరిగ్గా వినపడలేదండీ, మళ్ళీ చెప్పండి" అంది.

మళ్ళీ చెప్పాను.